పాప లంచ్ బాక్స్ కోసం ఒనిగిరి నేర్చుకున్నాను: టోక్యోలో నా అనుభవం

మా పాప వెళ్లే హోయికుఎన్‌లో, అంటే ఇక్కడి పిల్లల సంరక్షణ కేంద్రంలో, రోజూ మధ్యాహ్న భోజనం వాళ్లే పెడతారు. అందుకే జపాన్ వచ్చి మూడేళ్లు దాటినా లంచ్ బాక్స్ సర్దే పని మాకెప్పుడూ పడలేదు. 2025 సెప్టెంబరు చివరి వారంలో ఒక కాగితం ఇచ్చి పంపారు. అక్టోబరు మధ్యలో ఒక గురువారం నాలుగేళ్ల పిల్లలందరినీ గ్యోసెన్ పార్కుకి నడిపించుకుంటూ తీసుకెళ్తారట, ఆ రోజు భోజనం మాత్రం ఇంటి నుంచే తెచ్చుకోవాలట. మేముండేది నిషికసాయిలో. ఆ పార్కు, అందులోని చిన్న జూ మా పాపకి సొంతిల్లే. కాగితంలో పెద్ద లిస్టే ఉంది: పేరు రాసిన వాటర్ బాటిల్, కింద పరుచుకునే షీటు, తడి తువ్వాలు, చెత్త వేసుకోడానికి కవరు. భోజనం దగ్గర, పిల్లలు చేత్తో పట్టుకుని తినగలిగే ఒనిగిరి, అంటే నొక్కి ఆకారం తెచ్చిన అన్నం ముద్ద, అయితే బాగుంటుందని రాశారు.

మా ఆవిడ ఉదయం ఏడింటికల్లా రైలెక్కాలి. నాది ఇంటి నుంచి పని. కాబట్టి ఈ డ్యూటీ ఎవరిదన్న చర్చే రాలేదు.

కొనేస్తే పోయేదిగా అని నాకూ అనిపించింది. ఏ కన్వీనియెన్స్ స్టోర్‌కి వెళ్లినా 150 నుంచి 200 యెన్‌లలో ఒనిగిరి దొరుకుతుంది. కానీ దానికి చుట్టిన ప్లాస్టిక్ కాగితం తీయడం పెద్దవాళ్లకే ఒక విద్య. నోరీ, అంటే ఆ నల్లటి సముద్రపు నాచు కాగితం, అన్నానికి తగిలి మెత్తబడకుండా మధ్యలో ఒక పొర ఉంటుంది. 1, 2, 3 అని వేసిన అంకెల వరుసలోనే లాగాలి. నోరీని ఇలా వేరుగా ఉంచే పద్ధతి సెవెన్-ఎలెవెన్ వాళ్లు 1978లో మొదలుపెట్టారు. నాలుగేళ్ల పిల్ల లాగితే నోరీ సగం కవరుతోనే పోతుంది. పైగా మేము గుడ్డు తింటాం గానీ చేప తినం. ఆ అరలో మాకు పనికొచ్చేవి ఒకటో రెండో ఉంటాయంతే.

అమ్మకి వీడియో కాల్‌లో చెబితే పడీపడీ నవ్వింది. "అన్నం ముద్ద చేయడానికి టెన్షన్ ఏంట్రా నాన్నా! నీకు ఆరో తరగతి దాకా ముద్దలు చేసి నేనే పెట్టాను కదా" అంది. నిజమే. కానీ ఆ ముద్ద చేతిలోంచి నోట్లోకి వెళ్లేదాకా నిలిస్తే చాలు. ఇది పొద్దున ఆరింటికి చేస్తే బ్యాగులో కుదుపులు తిని, మధ్యాహ్నం పన్నెండుకి పాప చేతిలో ఆకారం చెడకుండా ఉండాలి. అప్పటికీ మెత్తగానే ఉండాలి.

మొదట ఇంట్లో ఉన్న సోనామసూరితోనే చూశాను. నీళ్లు ఎక్కువ పోసి మెత్తగా వండితే ముద్ద అయితే అయింది, పళ్లెంలో నిలబడింది కూడా. గంట తర్వాత పాప చేతిలోకి తీసుకుని ఒక మూల కొరికింది, మిగతాదంతా ఒళ్లో పడింది. మాది బాపట్ల. అక్కడి నుంచి 1986లో విడుదలైన సాంబ మసూరి వరి, బీపీటీ 5204, పేరు చెప్పుకుని పెరిగినవాళ్లం. ఆ బియ్యానికి అంత పేరు ఎందుకొచ్చిందంటే మెతుకుకి మెతుకు అంటకుండా ఉడుకుతుంది కాబట్టే. పిండిపదార్థంలో అమైలోజ్ అనేది ఎక్కువుంటే అన్నం పొడిపొడిగా వస్తుంది, చల్లారితే గట్టిపడుతుంది. మన సన్నబియ్యంలో అది 20 శాతం దాటే ఉంటుంది. జపాన్ కోషిహికారిలో 17 దగ్గర. పప్పూ రసంలోకి నేను ఇప్పటికీ మన బియ్యమే వండుతాను, ఎవరేమన్నా సరే. ఒనిగిరికి మాత్రం ఇక్కడి బియ్యం కొనక తప్పలేదు.

కొనడం దగ్గర మొదటి దెబ్బ ధర. 2024 ఆగస్టులో ఇక్కడ సూపర్‌మార్కెట్లలో బియ్యం అరలు ఖాళీ అయిపోయాయి. ఆ తర్వాత ధర ఎక్కుతూ ఎక్కుతూ 2025 మే నాటికి 5 కిలోల సంచి సగటున 4,200 యెన్‌లు దాటింది. అంతకు ఏడాది ముందు అది 2,100 దగ్గరుండేది. ప్రభుత్వం తన నిల్వల్లోంచి పాత బియ్యం తీసి 2,000 యెన్‌లకి అమ్మిస్తే జనం దుకాణాల ముందు వరుస కట్టారు. నేను కొనే వేళకి కొత్త పంట వచ్చింది గానీ ధర మళ్లీ 4,000 పైనే కూర్చుంది. పాపకి నచ్చుతుందో లేదో తెలియకుండా 5 కిలోలు ఎందుకని 2 కిలోల చిబా కోషిహికారి కొత్త బియ్యం తీసుకున్నాను, దాదాపు 1,900 యెన్‌లు. కిలో లెక్కన చూస్తే చిన్న సంచి ఎప్పుడూ ఖరీదే. ఒనిగిరి వాడుక అని తేలిపోయాక పెద్దదే కొనండి.

కొలత దగ్గర ఒకటి చెప్పాలి. ఇక్కడ బియ్యాన్ని "గో" లెక్కన కొలుస్తారు. ఒక గో అంటే 180 మిల్లీలీటర్లు, సుమారు 150 గ్రాములు. రైస్ కుక్కర్‌తో వచ్చే చిన్న కప్పు అదే. ఇక్కడి వంటల్లో మిగతా అన్నిటికీ వాడే కప్పు 200 మిల్లీలీటర్లది. ఆ రెండూ కలిసిపోతే కుక్కర్ లోపలి గీతలకి అర్థం ఉండదు. ఒక గో వండితే పెద్దవాళ్ల సైజు ఒనిగిరి మూడు వస్తాయి, పిల్లలవైతే ఐదారు. మా కుక్కర్ ఐదున్నర గోలది, అందులో ఒక్క గో వండితే అడుగు ఎండిపోతోంది. అందుకని ఎప్పుడూ రెండు గోలు పోస్తున్నాను. మిగిలిన దాని సంగతి చివర్లో చెప్తాను.

నేర్పించింది మా పక్క ఫ్లాట్‌లో ఉండే పెద్దావిడ. డెబ్బై దాటాయి. పాప అంటే ఆవిడకి ప్రాణం. కాగితం సంగతి లిఫ్ట్‌లో చెప్తే, ఆదివారం సాయంత్రం వస్తాను, బియ్యం మాత్రం నానబెట్టి ఉంచండి అంది. వచ్చాక నానుతున్న బియ్యం చూసి, ఎలా కడిగారని అడిగి, ఇంకో దోసెడు తీసి మళ్లీ కడిగి చూపించింది. మొదటి నీళ్లు పోసిన వెంటనే ఒకసారి తిప్పి పారబోసేసింది. పొడి బియ్యం మొదటి నీళ్లనే ఎక్కువ పీల్చుకుంటుందట, ఆ నీళ్లలో తవుడు వాసన ఉంటే అదీ లోపలికి పోతుందట. తర్వాత నీళ్లు వంచేసి తడి బియ్యాన్నే వేళ్లతో సున్నాలు చుట్టినట్టు కలియబెట్టి, మళ్లీ నీళ్లు పోసి రెండుసార్లు వంచింది. మనం అరచేతుల మధ్య పెట్టి రుద్దినట్టు రుద్దనివ్వలేదు. నీళ్లు కొంచెం తెల్లగా ఉన్నా ఫరవాలేదంది. నానబెట్టడం వేసవిలో అరగంట, చలికాలంలో గంట. కొత్త బియ్యానికి తేమ ఎక్కువ, ఒనిగిరికి అన్నం కాస్త గట్టిగా ఉండాలి కూడా, అందుకని నీళ్లు గీతకి ఒక వెంట్రుకవాసి కింద ఆపించింది.

కుక్కర్ కూత పెట్టగానే మూత తీసి, తడిపిన అన్నం గరిటెతో అన్నాన్ని నాలుగు భాగాలుగా కోసి, ఒక్కో భాగాన్ని అడుగు నుంచి పైకి తిరగేసింది. కలపలేదు, గాలి తగిలేలా తిప్పింది, అంతే. మన ఇళ్లలో తినేదాకా కుక్కర్ మూత తీయం కదా, ఇక్కడ అలా ఉంచితే ఆవిరి నీళ్లై మళ్లీ అన్నం మీదే పడి పైపొర జావలా అవుతుంది.

ఇక చేతులు. అన్నం వేడిగా ఉండగానే చుట్టాలి, చల్లారితే మెతుకులు పట్టుకోవు. ఆ వేడి నా చేతులకి ఒక్క క్షణం కూడా ఆగలేదు. ఆవిడ నా మొహం చూసి నవ్వి, అన్నం తినే చిన్న గిన్నె ఒకటి అడిగింది. గిన్నెని తడిపి, అందులో గరిటెడు అన్నం వేసి, గాల్లోకి చిన్నగా నాలుగైదుసార్లు ఎగరేసింది. చెయ్యి తగలకుండానే అన్నం గుండ్రంగా అయిపోయింది, ఈలోగా కాస్త వేడి కూడా తగ్గింది. చేతులు తడుపుకుని మూడు వేళ్ల కొసలకి ఉప్పు అద్దుకుని అరచేతికి రాసుకుంది. ఎడమ చెయ్యి అడుగున చదునుగా పెట్టింది. కుడి చేతి వేళ్లు కణుపుల దగ్గర మడిచి పైన ఇంటి కప్పులా పెట్టింది. ఒకసారి నొక్కి, తన వైపుకి ఒక పక్క తిప్పి, మళ్లీ నొక్కి, మళ్లీ తిప్పింది. మూడు మూలలూ వచ్చేశాయి. పళ్లెంలో పెట్టేసింది.

నేను అక్కడ ఆగలేకపోయాను. మన చేతులకి లడ్డూ చుట్టే అలవాటు కదా, బిగిసేదాకా నొక్కుతూనే ఉంటాం. "ఇంక చాలు, వదిలేయండి" అని ఆవిడ, "ఒక్కసారి" అని నేను. నాది అచ్చులో పోసినట్టు నున్నగా వచ్చింది, ఆవిడది కాస్త గరుగ్గా. ఆవిడ ఏమీ అనకుండా రెండూ మధ్యకి విరిచి పక్కపక్కన పెట్టింది. ఆవిడ దాంట్లో ప్రతి మెతుకూ విడిగా కనిపిస్తోంది, మధ్యలో చిన్న చిన్న ఖాళీలు. నాది తెల్లటి పిండిముద్ద. తింటే తేడా ఇంకా స్పష్టం, నాది పళ్లకి అంటుకుంది. పైపొర మాత్రం పట్టుకోవాలి, లోపల వదులుగా ఉండాలి. ఒనిగిరి చేయడంలో నాకు అన్నిటికన్నా ఎక్కువ రోజులు పట్టింది ఈ వదిలెయ్యడమే.

వెళ్లేముందు ఇంకో మాట చెప్పింది. వెంటనే తినేదైతే ఇలా ఉత్త చేత్తో చేయండి, రుచి బాగుంటుంది. బయటికి పంపేదైతే ప్లాస్టిక్ ర్యాప్‌లో పెట్టి చుట్టండి. చేతి మీద ఉండే స్టెఫైలోకాకస్ అనే సూక్ష్మజీవి అన్నంలో గంటల తరబడి ఉంటే విషం తయారుచేస్తుంది, తర్వాత వేడి చేసినా ఆ విషం పోదు. హోయికుఎన్ కాగితం వెనకాల కూడా ఇదే రాసి ఉంది, నేను వెనక్కి తిప్పి చూసింది ఆ రోజే. ర్యాప్ మీద ముందు చిటికెడు ఉప్పు చల్లి, దాని మీద అన్నం వేసి చుడితే సరిపోతుంది. చెయ్యి కూడా అంతగా కాలదు.

మరుసటి శనివారం ముగ్గురం ఒత్సుకా వెళ్లాం. అక్కడ 1960 నుంచి ఉన్న బొంగో అనే ఒనిగిరి దుకాణం టోక్యోలో చాలా పేరున్నది. తోజాయి లైన్‌లో తకదనోబాబా దాకా వెళ్లి యమనోతే లైన్ మారితే మూడో స్టేషన్. క్యూ ఉంటుందని తెలుసు గానీ అంతుంటుందని తెలియదు, దాదాపు రెండు గంటలు నిలబడ్డాను. పాపని మా ఆవిడ స్టేషన్ దగ్గరికి తీసుకెళ్లి ట్రాములు చూపిస్తూ కూర్చోబెట్టింది. లేకపోతే మధ్యలోనే వెనక్కి వచ్చేసేవాళ్లం. లోపల కౌంటర్ ముందు కూర్చుంటే వాళ్ల చేతులు దగ్గరగా కనిపిస్తాయి, నేను వెళ్లిందే దానికి. కింద అన్నం, మధ్యలో కూరినంత కూరు, పైన మళ్లీ అన్నం, రెండు మూడుసార్లు నొక్కీ నొక్కనట్టు, నోరీ చుట్టి చేతికిచ్చేయడం. ఉమెబోషి, అంటే ఊరేసిన పుల్లటి కాయ, పెట్టింది తీసుకున్నాను. చాలా పెద్దది, వేడిగా, సగం తినేసరికి చేతిలోనే విచ్చుకుంటోంది. రుచి సంగతి చెప్పక్కర్లేదు. అయితే పాప బ్యాగులోకి అంత వదులుగా పనికిరాదు. పక్కింటావిడ పద్ధతికే ఫిక్స్ అయ్యాను. ఆ రెండు గంటల క్యూ మీకు అవసరమా అంటే, పిల్లలు లేకుండా వెళ్తే అవసరమే.

లోపల ఏం పెట్టాలి అన్నది వేరే పరీక్ష. శాకాహారులు ఇక్కడ ఫోన్ కెమెరాతో లేబుల్ చదవకుండా ఏదీ కొనకూడదు. ఉమెబోషి అంటే ఉప్పులో ఊరేసి ఎండబెట్టిన ఉమె కాయ, అందులో చేపేముంటుంది అనుకుంటాం. కత్సువో ఉమె అని చేప తురుము కలిపినది పక్కనే అదే రంగు డబ్బాలో ఉంటుంది. తీపి సోయా సాస్‌లో ఉడికించిన కొంబు నాచు కూడా అంతే, చాలా వాటిల్లో చేప రసం పోస్తారు. అన్నం మీద చల్లుకునే ఫురికాకే పొడుల్లో ఎక్కువ వాటిల్లో చేప తునకలుంటాయి. ఎర్ర షిసో ఆకు పొడి మాకు కుదిరింది, పుల్లగా ఉప్పగా చింతచిగురు పొడిని గుర్తుచేసింది.

ఉమెబోషి పాత పద్ధతిలో చేసిందైతే ఉప్పు 18 నుంచి 20 శాతం దాకా ఉంటుంది. షాపుల్లో తేనె కలిపి, ఉప్పు 8 శాతానికి తగ్గించినవి ఎక్కువ. అదే కొన్నాను, చిన్న డబ్బా 500 యెన్‌లు. గింజ తీసేసి గుజ్జు మాత్రం పెట్టాను. మా ఆవిడకీ నాకూ బ్రహ్మాండంగా నచ్చింది, ఆవకాయ తినే నోటికి అదెంత. పాప ఒక్కసారి నాలుకకి తగిలించి, నన్ను మోసగాణ్ణి చూసినట్టు చూసింది.

తర్వాత మన సరుకుతో ప్రయత్నాలు. గోంగూర పచ్చడి పెడితే నూనె బయటికి ఊరి, పొద్దున కుదురుగా ఉన్న ఒనిగిరి మధ్యాహ్నానికి రెండు చెక్కలైంది. నూనె తగిలితే మెతుకు మెతుకుని పట్టుకోదు. అందుకే పులిహోరతోనూ రాదు. కందిపొడి అన్నంలో కలిపితే తేమంతా పీల్చేసి పొడిబారింది. కుదిరింది నువ్వుల పొడి. ఇక్కడ వాళ్లు కూడా వేయించిన నువ్వులు, ఉప్పు కలిపి గోమషియో అని అన్నం మీద చల్లుకుంటారు. కాబట్టి పాప స్నేహితులకి అది వింతగా అనిపించదు, పాప భయం అదే. "నాన్నా, అందరిలాగే సంకాకు కావాలి" అని ముందే చెప్పింది. సంకాకు అంటే మూడు మూలలది. రెండోది ఉడికించిన ఎడమామె (లేత సోయా చిక్కుడు) గింజలు, తురిమిన చీజ్. వేరుశనగ జోలికి మాత్రం పోలేదు, క్లాసులో అలర్జీ ఉన్న పిల్లలున్నారు.

నోరీ కూడా రెండు రకాలు. కాల్చింది ఒకటి, తీపి ఉప్పు పూసింది ఒకటి. పూసినదాంట్లో రొయ్యల సారమో చేప సారమో ఉంటుంది, కాల్చిందే కొనాలి. దాని మీద కూడా ఒక వాక్యం చూసి మా ఆవిడ ఉలిక్కిపడింది: ఈ నోరీ రొయ్యలు, పీతలు ఉండే నీళ్లలో సేకరించినది అని. అది అలర్జీ ఉన్నవాళ్ల కోసం రాసే హెచ్చరిక, కలిపారని కాదు. మా ఇంట్లో ఒక సాయంత్రం చర్చ నడిచి, ఫరవాలేదు అనుకున్నాం. మీ ఇంట్లో ఏమనుకుంటారో మీ ఇష్టం. పది కాగితాల కట్ట 550 యెన్‌లు. అరియాకే సముద్రంలో 2022-23 సీజన్‌లో పంట దెబ్బతిన్న దగ్గర్నుంచి ధర పెరిగిందని షాపులో అందరూ అంటారు.

పాపని తీసుకురావడానికి వెళ్లినప్పుడు టీచర్ ఇంకో మాట చెప్పింది. చిన్నపిల్లలకి నోరీ మొత్తం చుట్టి పంపకండి, తడి తగిలితే అంగిట్లో గొంతులో అంటుకుంటుంది, సన్నటి పట్టీలుగా కోసి వేయండి అని. చెర్రీ టమాటా, ద్రాక్షపండు నిలువుగా నాలుగు ముక్కలు కోయాలి. కౌజుపిట్ట గుడ్లు అసలు వద్దు. జాబితాలో ఇవేవీ లేవు. అడిగితేనే తెలిశాయి, కాబట్టి అడగండి.

ముందు వారం ఒకరోజు రిహార్సల్ చేసి, బాక్స్ పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా బ్యాగులోనే ఉంచి చూశాను. రెండు సంగతులు బయటపడ్డాయి. వేడి మీద మూత పెడితే లోపల నీళ్లు కారి నోరీ ముద్దైపోతుంది, పాడయ్యే ప్రమాదమూ ఎక్కువే. విసనకర్రతో విసిరి పూర్తిగా చల్లారాకే మూత పెట్టాలి, దానికి ఇరవై నిమిషాలు పట్టింది. రెండోది, ఐస్ ప్యాక్ బాక్స్ కింద పెడితే అడుగు మెతుకులు పచ్చిబియ్యంలా గట్టిపడ్డాయి. చేతిరుమాలులో చుట్టి మూత మీద పెడితే సరిపోయింది. అచ్చులు కూడా ఉన్నాయి, వంద యెన్‌ల షాపులో, పన్నుతో 110. మూడు మూలలూ తిన్నగా వస్తాయి గానీ మూత నొక్కగానే లోపలంతా బిగిసిపోతుంది. అత్యవసరానికి ఉంచుకున్నాను. నోరీని కళ్లూ మూతీ ఆకారాల్లో కత్తిరించే పంచ్ కూడా పాప పట్టుబట్టి కొనిపించింది. పాండా బొమ్మ చేశాను, పది నిమిషాల్లో ఒక కన్ను చెంప మీదికి జారింది. పాండాకి జ్వరం వచ్చిందని పాపే తీర్పు చెప్పింది.

ఆ రోజు రానే వచ్చింది. రాత్రే బియ్యం కడిగి కుక్కర్‌కి టైమర్ పెట్టాను, ఐదుంపావుకి అన్నం రెడీ. వేసవిలో రాత్రంతా అలా నానితే మంచిది కాదు, అక్టోబరు చల్లదనానికి ఇబ్బంది లేదు. ఐదున్నరకి చుట్టడం మొదలుపెడితే ఆరింటికి నాలుగు చిన్న సంకాకులు తయారు. రెండు నువ్వుల పొడివి, రెండు చీజ్ ఎడమామెవి. మీద పట్టీల్లా నోరీ, గరుకు వైపు అన్నానికి, నునుపు వైపు బయటికి. పక్కన ఉప్పు వేసి ఉడికించిన బ్రకోలీ, గుడ్డు అట్టు, నాలుగు ముక్కలు కోసిన ద్రాక్ష. ఆరున్నరకి కిటికీ తీస్తే చినుకులు. ఏడు దాటాక హోయికుఎన్ యాప్‌లో మెసేజ్: పార్కు వచ్చే వారానికి వాయిదా, కానీ బాక్స్ మాత్రం తీసుకురండి, లోపలే షీట్లు పరుచుకుని తింటారు. ముందే చెప్తున్నాను, వర్షం పడితే అంటే ఏంటో కాగితంలో చూసుకోండి. మాకు వంట రెండుసార్లు పడింది.

ఆ సాయంత్రం దాకా పనిలో మనసు నిలవలేదు. మీటింగ్‌లో ఉండగా కూడా, ఈపాటికి మూత తీసి ఉంటుందా, విడిపోయి ఉంటుందా అన్నదే ధ్యాస. బాక్స్ తిరిగొచ్చింది. అన్నం ఒక్క మెతుకు లేదు. నోరీ పట్టీలు మాత్రం నాలుగూ ఒలిచి మూలన ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. "నల్లది పళ్లకి అంటుకుంటోంది నాన్నా" అంది. టీచర్ రోజూ రాసే డైరీలో, తనే పట్టుకుని చక్కగా తింది, నువ్వుల వాసన గురించి పక్క పిల్లలు అడిగారు, అని ఉంది. అమ్మకి అది చదివి వినిపిస్తే, "పొడి కొట్టి పంపనా?" అనే అడిగింది, ఈసారి నవ్వలేదు.

తర్వాతి వారం పార్కుకి నిజంగానే వెళ్లారు. ఈసారి నాలుగూ నువ్వుల పొడివే, నోరీ లేదు, ఆరు కాకముందే బాక్స్ చల్లారుతోంది.

ఖర్చు లెక్క వేస్తే, 5 కిలోల సంచి 4,300 అనుకుంటే గోకి 130 యెన్‌లు, పెద్ద ఒనిగిరికి అన్నం 43. నోరీ కాగితంలో మూడో వంతు 18. లోపలి కూరు కలిపి 80 లోపే. షాపులో కొన్న దాంట్లో సగం. అచ్చు, పంచ్, ర్యాప్, ఉమెబోషి, ఒత్సుకా రైలు టికెట్లు కలిపితే మొదటి నెల మాత్రం కొనుక్కోడమే చవక.

మిగిలిన అన్నం ఫ్రిజ్‌లో పెట్టకండి, తెల్లారేసరికి మెతుకులు గట్టిపడి విరిగిపోతాయి. వేడిగా ఉండగానే ర్యాప్‌లో చుట్టి, చల్లారాక ఫ్రీజర్‌లో పెడితే, మైక్రోవేవ్‌లో 600 వాట్ల మీద రెండు నిమిషాల లోపే మళ్లీ మెత్తగా వస్తుంది. మా ఇంట్లో అలాంటివాటిని దోసెల పెనం మీద రెండువైపులా ఎర్రగా కాల్చి, సోయా సాస్ రాసి తింటున్నాం. మా ఆవిడ సోయా సాస్ మానేసి నెయ్యి, కారప్పొడి రాస్తుంది. అదే బాగుంది.

నవంబరులో చిలగడదుంపలు తవ్వడానికి పిల్లల్ని తోటకి తీసుకెళ్తారట. కొత్త కాగితం వచ్చింది, ముందు వెనక్కి తిప్పే చూశాను. "ఒనిగిరి మాత్రమే, కూరలు వద్దు" అని ఉంది. వాన పడితే వాయిదా, ఆ రోజు భోజనం వాళ్లే పెడతారట.